తెర మీద ప్యాన్ యామ్, నేల మీద సోలెంట్: ఓక్‌లాండ్ ఏవియేషన్ మ్యూజియం సమీక్ష

కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ విమానాశ్రయానికి ఉత్తరపు వైపు, ఎర్‌హార్ట్ రోడ్డు మీద ఉన్న ఓక్‌లాండ్ ఏవియేషన్ మ్యూజియం పెద్దదేమీ కాదు. వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్‌నో, సియాటిల్‌లో మ్యూజియం ఆఫ్ ఫ్లైట్‌నో చూసి వచ్చినవారికి ఇది ఒక పాత హ్యాంగరు, దాని వెనక ఒక పెరడు, అంతే అనిపించవచ్చు. అయినా పాత సినిమాల్లో కనిపించే ప్రయాణికుల విమానాల దగ్గర బొమ్మను ఆపి, అది ఏ కంపెనీది, ఏ మోడలు, ఏ కాలానిది అని తేల్చుకోనిదే కథలోకి వెళ్లలేని నాబోటి వాళ్లకు బే ఏరియాలో దీన్ని మించిన చోటు లేదని నిస్సంకోచంగా చెబుతాను. ఆ మాట అనడానికి కారణం మ్యూజియం మొత్తం కాదు, పెరట్లో నిలబెట్టి ఉన్న ఒకే ఒక్క విమానం. దాని పేరు షార్ట్ సోలెంట్, షార్ట్ అన్నది దాన్ని కట్టిన బ్రిటిష్ కంపెనీ పేరు. నీటి మీద దిగి నీటి మీద నుంచే లేచే, రెండు అంతస్తుల, నాలుగు ఇంజన్ల ఫ్లయింగ్ బోటు అది.

1981లో వచ్చిన 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' చూసినవారందరూ ఈ విమానాన్ని చూసినవారే. ఇండియానా జోన్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్యాన్ అమెరికన్, అంటే ప్యాన్ యామ్ అనే అమెరికన్ విమాన సంస్థ వారి క్లిప్పర్ (తమ పెద్ద ఫ్లయింగ్ బోట్లకు వారు పెట్టుకున్న పేరు) ఎక్కి నేపాల్‌కు బయలుదేరే దృశ్యం గుర్తుందా? హీరో కిటికీ పక్కన కూర్చుని టోపీ ముఖం మీదకు లాక్కుంటాడు, వెనక సీట్లో ఒక గూఢచారి పత్రిక అడ్డుపెట్టుకుని చూస్తుంటాడు. ఆ పత్రిక వెనక ఉన్న మనిషి ఆ సినిమాకే స్పెషల్ ఎఫెక్ట్స్ పని చేసిన డెనిస్ మ్యూరెన్ కావడం సినిమా పిచ్చి ఉన్నవారికి ఒక చిన్న కానుక. విమానాల పిచ్చి ఉన్నవారికి కానుక మాత్రం ఆ క్లిప్పరే. ఎందుకంటే అది క్లిప్పర్ కాదు. ప్యాన్ యామ్ వేషం వేసుకున్న బ్రిటిష్ విమానం. షూటింగ్ నాటికి అది ఎగిరే స్థితిలో లేదు, నీటిలోకి దింపే వీలూ లేదు. నేల మీద నిలబెట్టి తీసిన బొమ్మకు నీటి బొమ్మను జతచేసి, అది రేవులో తేలుతున్నట్టు నమ్మించారు.

ఇలాంటివి కనిపెట్టినప్పుడు చాలామంది దాన్ని సినిమావాళ్ల తప్పుగా చెప్పి సంబరపడతారు. కథ జరిగేది 1936లో, సోలెంట్ మొదటిసారి ఎగిరింది 1946లో, కనుక పదేళ్ల తేడా ఉందన్నది నిజమే. కానీ 1980లో ఆ దృశ్యం తీయవలసిన దర్శకుడి ముందు ఏ దారులున్నాయో కూడా చూడాలి కదా. 1936 అక్టోబరులో ప్యాన్ యామ్ పసిఫిక్ మీదుగా ప్రయాణికులను తీసుకువెళ్లడం మొదలుపెట్టినప్పుడు వాడినది మార్టిన్ ఎమ్-130. అవి కట్టినవే మూడు: చైనా క్లిప్పర్, ఫిలిప్పీన్ క్లిప్పర్, హవాయి క్లిప్పర్. హవాయి క్లిప్పర్ 1938లో పసిఫిక్ మీద ఆచూకీ లేకుండా పోయింది, ఫిలిప్పీన్ క్లిప్పర్ 1943లో కాలిఫోర్నియా కొండల్లో కూలింది, చైనా క్లిప్పర్ 1945లో ట్రినిడాడ్ దగ్గర ముక్కలైంది. వాటి తరువాత వచ్చిన బోయింగ్ 314లు పన్నెండు తయారయ్యాయి కానీ వాటిలోనూ ఒక్కటి మిగలలేదు. అంటే ఆనాటి అసలు క్లిప్పర్ అన్నది ఈ భూమి మీద ఎక్కడా లేదు. ఉన్న వాటిలో ఆ స్థాయికీ, ఆ ఠీవికీ దగ్గరగా వచ్చేది, అదీ శాన్‌ఫ్రాన్సిస్కోకు చేరువలో దొరికేది సోలెంట్. ఆ ఎంపికను నేను తప్పు అనను, మంచి పాత్రధారి ఎంపిక అంటాను.

ఇక్కడే మ్యూజియం విలువ తెలుస్తుంది. తెర మీద కొన్ని క్షణాలు కనిపించి మాయమయ్యే దాని చుట్టూ మీరు తీరిగ్గా తిరగవచ్చు. మార్టిన్‌నీ బోయింగ్‌నీ కాదని ఇది సోలెంటే అని ఎలా చెప్పాలో వేలు పెట్టి చూపించుకోవచ్చు. మూడింటికీ ఇంజన్లు నాలుగే కనుక ఇంజన్ల లెక్క ఇక్కడ పనికిరాదు. చూడవలసిన మొదటిది రెక్కల చివర. సోలెంట్‌కు రెండు రెక్కల కిందా, బయటి అంచుకు దగ్గరగా, కమ్మీలకు వేలాడుతూ ఒక్కో చిన్న పడవ లాంటి ఫ్లోటు ఉంటుంది. నీటి మీద విమానం పక్కకు ఒరిగిపోకుండా కాపాడేది అదే. మార్టిన్ ఎమ్-130కూ బోయింగ్ 314కూ ఆ ఫ్లోట్లు ఉండవు. వాటికి పొట్టకు ఇరువైపులా, నీటి మట్టానికి కాస్త పైన, పొట్టి రెక్కల్లా పక్కలకు పొడుచుకువచ్చిన ఆధారాలు ఉంటాయి. జర్మనీకి చెందిన డోర్నియర్ కంపెనీ వాడుకలోకి తెచ్చిన పద్ధతి అది. ప్రయాణికులు ఆ పొట్టి రెక్క మీద అడుగుపెట్టి లోపలికి నడిచేవారు. కాబట్టి పాత ఫొటోలో జనం విమానం పక్కనున్న చిన్న వేదిక మీద నిలబడి చేతులూపుతుంటే అది అమెరికన్ క్లిప్పర్ అయ్యే అవకాశం ఎక్కువ.

రెండవది తోక. బోయింగ్ 314కు మూడు నిలువు తోకలు, సోలెంట్‌కు ఒక్కటే. ఆ ఒక్కటీ ఎంత ఎత్తంటే, దాని కింద నిలబడి తల పూర్తిగా వెనక్కి వాల్చితే తప్ప కొస కనిపించదు. తోక మొదట్లో వెన్ను మీదుగా ముందుకు సాగే ఏటవాలు అంచును కూడా గమనించండి. షార్ట్ వారి యుద్ధకాలపు ఫ్లయింగ్ బోటు సండర్‌లాండ్‌కూ దాని తమ్ముడైన సోలెంట్‌కూ తేడా తేల్చడానికి తరచు పనికివచ్చే గుర్తు ఇది. మూడవది అడుగు. పడవ అడుగులా వీ ఆకారంలో మొదలయ్యే పొట్ట మధ్యలో ఒక మెట్టులా తెగుతుంది. విమానం నీటిని కోసుకుంటూ వేగం అందుకున్నప్పుడు, నీరు పొట్టను పట్టి లాగకుండా, ఆ మెట్టు దగ్గర గాలి చొరబడి విడిపించడానికి చేసిన ఏర్పాటు అది. సినిమాలో ఈ భాగం కనిపించదు, నీళ్లలో ఉన్నట్టు చూపించాలి కనుక. ఇక్కడ మాత్రం మీ కళ్ల ఎత్తులోనే ఉంటుంది. రేకుల అతుకుల వెంట బారులు తీరిన రివెట్లను వేళ్లతో తడుముతూ ముక్కు దాకా నడవవచ్చు. ముక్కు కొసన లంగరు తాడు కట్టుకోవడానికి మనిషి పైకి వచ్చే చిన్న తలుపు ఉంది. దాన్ని చూసినప్పుడే ఇది విమానం కంటే ఎక్కువగా ఓడ అనే సంగతి మనసుకు ఎక్కుతుంది.

కొలతలు చెప్పాలంటే రెక్కల ఈ కొస నుండి ఆ కొసకు 112 అడుగుల 9 అంగుళాలు, పొడవు 87 అడుగుల 8 అంగుళాలు. బోయింగ్ 314 రెక్కలు 152 అడుగులు, మార్టిన్‌వి 130. అంటే మూడింటిలో చిన్నది ఇదే. చిన్నదైనా బ్రిస్టల్ హెర్క్యులిస్ రేడియల్ ఇంజన్లు ఒక్కొక్కటీ దాదాపు 1,700 అశ్వశక్తివి. మామూలు ఇంజన్లలో ఉండే వాల్వుల బదులు సిలిండరు లోపల మరో గొట్టం కదులుతూ గాలి దారులను తెరిచి మూసే పద్ధతి వీటిది. ఇంజన్ల గురించి అడిగితే అక్కడి వాలంటీర్లు ఉత్సాహంగా చెబుతారు, అడగకపోతే మీ మానాన మిమ్మల్ని వదిలేస్తారు. ఈ మర్యాద నాకు నచ్చింది.

ఈ విమానం బతుకు కథ దాని సినిమా కథ కంటే బాగుంటుంది. బ్రిటిష్ వైమానిక దళం కోసం సీఫర్డ్ అనే పేరుతో కట్టినప్పుడు దాని సంఖ్య ఎన్‌జే203. యుద్ధం ముగిసి సైన్యానికి అవసరం తీరాక, ప్రయాణికుల విమానంగా మార్చి బ్రిటన్ ప్రభుత్వ విమాన సంస్థ బీఓఏసీకి ఇచ్చారు. అప్పుడు దాని రిజిస్ట్రేషన్ జీ-ఏకేఎన్‌పీ, పేరు సిటీ ఆఫ్ కార్డిఫ్. బీఓఏసీ 1948లో సౌతాంప్టన్ నుండి దక్షిణాఫ్రికాకు సోలెంట్ సర్వీసు మొదలుపెట్టింది. సిసిలీ, నైలు నది, విక్టోరియా సరస్సు, విక్టోరియా జలపాతం మీదుగా రోజుల తరబడి సాగే ప్రయాణం అది. రాత్రిళ్లు ఒడ్డున హోటల్లో బస, పొద్దున్నే మళ్లీ నీటి మీద నుంచి లేవడం. 1950తో బీఓఏసీ ఫ్లయింగ్ బోట్లకు సెలవు చెప్పేసింది. తరువాత ఇది ఆస్ట్రేలియాకు వెళ్లి వీహెచ్-టీఓబీ అయింది. ఆపైన హవాయి నుండి తాహితీకి సర్వీసు నడపాలని కలగన్న సౌత్ పసిఫిక్ ఎయిర్‌లైన్స్ చేతికి వచ్చి ఎన్9946ఎఫ్ అయింది. ఆ సర్వీసు దీనితో మొదలు కానేలేదు, ఎందుకంటే దారి మధ్యలో దిగవలసిన క్రిస్మస్ దీవిని బ్రిటన్ అణు పరీక్షలకు వాడుకుంది. ఆపైన హోవర్డ్ హ్యూస్ చేతికి వెళ్లింది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫ్లయింగ్ బోటు కట్టి, దాన్ని 1947లో ఒకే ఒక్కసారి ఎగరవేసిన ఆ కోటీశ్వరుడు దీన్ని ఎందుకు కొన్నాడన్నది నన్ను అడగకండి, ఆయన కొనుగోళ్లకు కారణాలు వెతకడం దండగ. సోలెంట్ జాతిలో ఇప్పుడు మిగిలినవి రెండే. రెండవది న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఉంది.

రిజిస్ట్రేషన్ అక్షరాలు ఇన్నిసార్లు మారాయని చెప్పడానికి కారణం ఉంది. పాత విమానాల గుర్తింపులో చాలామంది మొదట వెతికేది ఆ అక్షరాలనే. జీ అయితే బ్రిటన్, ఎన్ అయితే అమెరికా, వీటీ అయితే మన దేశం, వీహెచ్ అయితే ఆస్ట్రేలియా. దొరికితే పని సులువే. కానీ సినిమాలో పెయింటు ఒక పూటలో మారిపోతుంది. అదే రైడర్స్ సినిమాలో మొదటి ఘట్టం చివర హీరో పరుగెత్తి ఎక్కే చిన్న విమానం తోక మీద ఓబీ-సీపీఓ అని ఉంటుంది. స్టార్ వార్స్ పాత్రల పేర్లను తలపించేలా చేసిన చిలిపి పని అది. అయితే తమాషా ఏమిటంటే ఓబీ నిజంగానే పెరూ దేశపు గుర్తు, కథ ప్రకారం ఆ ఘట్టం జరిగేదీ పెరూలోనే. చిలిపితనం కాస్తా లెక్కకు సరిపోయింది. ఆ విమానం మాత్రం పెరూది కాదు, చిత్రీకరణా పెరూలో జరగలేదు, హవాయిలోని కవాయి దీవిలో జరిగింది. విమానం అమెరికాలో 1930లలో తయారైన వాకో యూబీఎఫ్-2, చక్రాల బదులు ఫ్లోట్లు తగిలించినది. ఫ్లోట్లు తగిలించుకున్న మామూలు విమానం వేరు, పొట్టే పడవ అయిన ఫ్లయింగ్ బోటు వేరు. ఒకే సినిమాలో రెండూ చూపించడం వల్ల ఈ తేడాను పిల్లలకు చెప్పడానికి దీన్ని మించిన పాఠం లేదు.

సోలెంట్ లోపలికి సొంతంగా వెళ్లలేరు, వాలంటీరు వెంట వెళ్లాలి. ఇది నిబంధనగా చికాకు కలిగించవచ్చు కానీ లోపలికి అడుగుపెట్టాక అర్థమవుతుంది. గడప ఎత్తుగా ఉంటుంది, దారి సన్నం, మేడ మెట్లు నిట్టనిలువు. కింది అంతస్తులో గదులు గదులుగా సీట్లు. ఒకరికొకరు ఎదురెదురుగా కూర్చునే ఏర్పాటు చూస్తే, మోకాళ్లు ముందు సీటుకు తగులుతూ హైదరాబాదు వెళ్లివచ్చే మనకు కడుపు మండుతుంది. ఇంత పెద్ద విమానంలో ఎక్కించుకున్నది నలభై మందిని మించదు. వారికోసం వంటగది, బారు, స్త్రీలకు ముస్తాబు గది కూడా ఉండేవి. ఎగురుతున్నది పదివేల అడుగులకు లోపే కనుక కిటికీలోంచి ఏనుగుల మందలు కనిపించేవని ఆ రోజుల ప్రయాణికులు చెప్పుకునేవారు. పైకి ఎక్కితే కాక్‌పిట్. పైలట్ల వెనక తక్కిన సిబ్బందికి వేరువేరు చోట్లు ఉండటం వల్ల అది కాక్‌పిట్ కంటే చిన్న ఆఫీసులా ఉంటుంది. అక్కడి నుంచి ముక్కు మీదుగా కిందికి చూస్తే నేల చాలా దూరంలో ఉంటుంది.

సినిమాలో చూసిన లోపలి దృశ్యాన్ని అచ్చంగా వెతకాలనుకునేవారికి ఒక్క మాట చెప్పాలి. సినిమా కెమెరాకు కావలసినది ఒక సీటు, ఒక కిటికీ, ఒక నీడ. అదే గదిలో మీరు నిలబడితే ఆ కోణం దొరకదు, ఆ వెలుగు అసలే దొరకదు. దీన్ని నేను లోటుగా లెక్కించను. సీట్ల వరుసల మధ్య దూరం, గోడ వంపు, కిటికీ ఆకారం కళ్లతో చూసి వచ్చాక ఇంటికి వెళ్లి సినిమా మళ్లీ చూడండి, చూపు నేరుగా ఎక్కడికి వెళ్లాలో అక్కడికే వెళుతుంది.

ఈ మ్యూజియం నేర్పే పద్ధతి వేరే సినిమాలకూ పనికివస్తుంది. ఇండియానా జోన్స్ రెండవ సినిమాలో షాంఘై నుండి పారిపోవడానికి ఎక్కే మూడు ఇంజన్ల ముడతల రేకు విమానాన్ని చాలామంది జర్మన్ యుంకర్స్ 52 అనుకుంటారు. రెండింటికీ రేకు ముడతలూ ఉన్నాయి, మూడేసి ఇంజన్లూ ఉన్నాయి. రెక్క ఎక్కడ అతికిందో చూస్తే చాలు. పొట్ట పైన అతికితే అమెరికన్ ఫోర్డ్ ట్రైమోటార్, కింద అతికితే యుంకర్స్. ఆ సినిమాలోది ఫోర్డ్. ఆ తరువాత భారతదేశాన్ని చూపించిన తీరు గురించి నా అభిప్రాయం ఇక్కడ అప్రస్తుతం. 1959 నాటి 'నార్త్ బై నార్త్‌వెస్ట్'లో మొక్కజొన్న చేల మీద కారీ గ్రాంట్‌ను తరిమే విమానమూ, చివరకు ట్యాంకరును గుద్దుకునేదీ ఒకటే అని తెర నమ్మిస్తుంది. తరిమేది అమెరికన్ నౌకాదళం తన సొంత కర్మాగారంలో కట్టుకున్న ఎన్3ఎన్, గుద్దుకునేది బోయింగ్ స్టియర్‌మన్. రెండూ యుద్ధకాలంలో శిక్షణ విమానాలే, యుద్ధం తరువాత చవగ్గా అమ్ముడై పొలాల మీద మందు చల్లే పనిలో కుదురుకున్నవే. కథలో అది ఇండియానా రాష్ట్రం, తీసినది కాలిఫోర్నియాలోని వాస్కో దగ్గర.

'కాసాబ్లాంకా' చివరి దృశ్యంలో పొగమంచులో నిలబడి ఉన్న లాక్‌హీడ్ 12 గురించి ఇప్పటికే చాలామందికి తెలుసు. స్టూడియో లోపల పెట్టిన ఆ విమానం అసలుది కాదు, చిన్న కొలతలో చేసిన నమూనా. అది చిన్నదని తెలియకుండా ఉండటానికి చుట్టూ పొట్టి మనుషులను మెకానిక్కులుగా నడిపించారు, పొగమంచును దట్టంగా వదిలారు. అయినా ఆకారం మాత్రం నిజాయితీగా చేశారు కనుకనే జంట తోకలనూ ముక్కునూ చూసి మోడలు చెప్పగలుగుతున్నాం. 1964 నాటి 'గోల్డ్‌ఫింగర్'లో రోల్స్‌రాయిస్ కారును మింగే విమానానికి ముక్కు పైన మూపురంలా కాక్‌పిట్ ఉండటంతో బోయింగ్ 747 అని వాదించేవారు నాకు ఎదురయ్యారు. 747 మొదటిసారి ఎగిరింది 1969లో. సినిమాలోది కార్వెయిర్. డగ్లస్ డీసీ-4ను తీసుకుని, కార్లు ముక్కులోంచి ఎక్కించడానికి వీలుగా కాక్‌పిట్‌ను పైకి ఎత్తి చేసిన మార్పు అది. రెక్కల మీద ప్రొపెల్లర్లు తిరుగుతున్నాయని ఒక్క క్షణం గమనిస్తే వాదన అక్కడే ముగిసేది.

మన పాత సినిమాల్లోనూ ఈ పని చేయవచ్చు. హీరో ఫారిన్ నుండి దిగే దృశ్యం లేని దశాబ్దం ఏదైనా ఉందా? మెట్లు దిగుతున్న హీరోను కాసేపు వదిలి వెనక కిటికీలను చూడండి. పెద్ద పెద్ద కోడిగుడ్డు ఆకారపు కిటికీలు, రెక్కల మీద నాలుగు సన్నని ఇంజన్లు ఉంటే వైకౌంట్, అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లోకి వచ్చింది 1957లో. మూలలు గుండ్రంగా ఉన్న త్రికోణపు కిటికీలు, తోక దగ్గర రెండు జెట్ ఇంజన్లు ఉంటే కారవెల్, అది వచ్చింది 1964లో. ముక్కు పైకి, తోక నేలకు ఆని ఉన్న రెండు ఇంజన్ల విమానమైతే డకోటా. 1953లో విమాన సంస్థలను జాతీయం చేసేదాకా బేగంపేట కేంద్రంగా నడిచిన నిజాం కాలపు డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలతోనే నడిచింది. ఇక ఫ్లయింగ్ బోట్లంటారా, 1930ల చివర్లో బ్రిటిష్ విమాన సంస్థ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి షార్ట్ ఎంపైర్ బోట్లు, అంటే ఈ సోలెంట్‌కు అన్నల వరస, కరాచీ నుండి రాజ్‌సమంద్ సరస్సు, గ్వాలియర్, అలహాబాద్, కలకత్తా మీదుగా సింగపూర్ దారి పట్టేవి. గోదావరి మీద దిగలేదు పాపం, దిగి ఉంటే మన సినిమాల్లోనూ ఒక పాట ఉండేది.

మ్యూజియంలో తక్కినదాని గురించి క్లుప్తంగా చెబుతాను. హ్యాంగరు 1930ల చివర్లో బోయింగ్ స్కూల్ ఆఫ్ ఏరోనాటిక్స్ కోసం కట్టినది, దాని ఇనుప దూలాలే ఒక ప్రదర్శన. సైన్యం జెట్లున్నాయి, పిల్లలకు అవి నచ్చుతాయి, ఈ సమీక్షకు వాటితో పనిలేదు. ఓక్‌లాండ్ విమానాశ్రయపు సొంత చరిత్ర మాత్రం చదవదగ్గది. 1928లో ఆస్ట్రేలియా పైలట్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్ బృందం ఫాకర్ విమానంలో పసిఫిక్ దాటి ఆస్ట్రేలియా చేరడానికి బయలుదేరింది ఇక్కడి నుంచే. 1937 మార్చిలో అమెరికన్ మహిళా పైలట్ అమీలియా ఎర్‌హార్ట్ తన లాక్‌హీడ్ ఎలక్ట్రా 10ఈలో ప్రపంచాన్ని చుట్టే మొదటి ప్రయత్నానికి లేచిందీ ఇక్కడి నుంచే. కాసాబ్లాంకాలో చూసిన లాక్‌హీడ్ 12 ఆ ఎలక్ట్రాకు చిన్న రూపం. జంట తోకలు రెండింటికీ ఉన్నాయి కనుక తెర మీద వాటిని విడదీయడం కొలతలు తెలిసినవారికే సాధ్యం. పదవ నంబరులో పది మంది, పన్నెండవ నంబరులో ఆరుగురు ప్రయాణికులు, అందుకే పన్నెండు పొట్టిగా, బొద్దుగా కనిపిస్తుంది. నంబరు పెద్దది, విమానం చిన్నది.

వెళ్లేవారు దీన్ని ఒక్కదాన్నే చూసి రాకుండా పక్కనున్న రెండు చోట్లను కలుపుకుంటే రోజు నిండుతుంది. చైనా క్లిప్పర్ 1935 నవంబరు 22న మొదటి టపాతో మనీలాకు లేచింది పొరుగునే ఉన్న అలమీడా నుంచి. ప్యాన్ యామ్ తరువాత తన స్థావరాన్ని బే బ్రిడ్జి మధ్యలో ఉన్న ట్రెజర్ ఐలాండ్‌కు మార్చింది. అక్కడ 1939లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన కోసం, విమానాశ్రయపు టెర్మినల్ కావాలన్న ఉద్దేశంతో కట్టిన అర్ధచంద్రాకారపు భవనం ఇప్పటికీ ఉంది. ఇండియానా జోన్స్ మూడవ సినిమాలో అదే భవనం బెర్లిన్ విమానాశ్రయంగా నటించింది. ఒకే మధ్యాహ్నంలో ప్యాన్ యామ్‌గా నటించిన బ్రిటిష్ విమానాన్నీ, జర్మనీగా నటించిన ప్యాన్ యామ్ స్థావరాన్నీ చూడటం ఈ చుట్టుపక్కల తప్ప మరెక్కడా కుదరదు.

ఎవరికి సిఫారసు చేయనో కూడా చెప్పాలి. తళతళలాడే ప్రదర్శనలు, సిమ్యులేటర్ల వినోదం, రోజంతా గడిచే విశాలమైన హాళ్లు కావాలనుకునే కుటుంబాలు పెద్ద మ్యూజియాలకు వెళ్లడం మేలు. ఇండియా నుండి వచ్చిన అమ్మానాన్నలను తీసుకువెళ్లేవారు, మోకాళ్ల నొప్పులుంటే వారిని సోలెంట్ మెట్లు ఎక్కించవద్దు, కింద నుంచి చూడటంలోనే సగానికి పైగా ఆనందం ఉంది. ఎండాకాలమైనా బే గాలి చల్లగా వీస్తుంది, పెరట్లో ఎక్కువసేపు నిలబడాలి కనుక ఒక స్వెట్టరు దగ్గర ఉంచుకోండి. ఫ్రీమాంట్ వైపు నుంచి వచ్చేవారికి ట్రాఫిక్ లేకపోతే 880 హైవే మీద అరగంట ప్రయాణం. టికెట్ ధరలూ తెరిచే రోజులూ మారుతుంటాయి కనుక వాటిని ఇక్కడ రాయడం లేదు. బయలుదేరే ముందు ఫోను చేసి, మ్యూజియం తెరిచి ఉంటుందా అని మాత్రమే కాకుండా, ఆ రోజు సోలెంట్ లోపలికి తీసుకువెళ్లే వాలంటీరు ఉంటారా అని ప్రత్యేకంగా అడగండి. లేరంటే మరో రోజు పెట్టుకోండి.